నడుము నొప్పి, నిద్ర, పరుపు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండేళ్లుగా నాకు నడుము నొప్పి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లవారేదాకా కన్ను మూతపడదు. "చెక్కబల్ల మీద పడుకోండి" అనే సలహా మనందరం విన్నదే. అయితే 2003లో స్పెయిన్ వైద్యులు 313 మంది నడుము నొప్పి రోగులలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు పరిశీలించారు. మధ్యరకం వాడినవారికే ఎక్కువ మేలు కలిగిందని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

కొనేటప్పుడు చేత్తో నొక్కి చూస్తే చాలదు. మొహమాటపడకుండా పది నిమిషాలు మీకు అలవాటైన పక్కకు తిరిగి పడుకోండి. భుజం, తుంటి కొద్దిగా దిగాలి, నడుము కుంగకూడదు. మంచం మీద కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. ఇలా చూసే నేను కొబ్బరిపీచు మీద పలుచటి ఫోమ్ ఉన్న పరుపు తీసుకున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఉదయం లేవడానికి ఇప్పుడు మా ఇంటావిడ చెయ్యి అందించనక్కరలేదు.

పరుపు నిద్రమాత్ర కాదు. నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండక లేచి కూర్చుని, కునుకు వచ్చాకే పడుకోవాలి. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గితే మాత్రం పరుపుల దుకాణానికి కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.