రాత్రివేళ మంచం పక్కన ఒక పాట



రాత్రి వార్డులో తోడుగా కూర్చున్నవారు తరచు అడుగుతుంటారు, "సిస్టర్, పాట పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు. అయితే ఎలాంటి పాట? అది చెప్పడానికే ఈ రోజు ఒక పాత లాటిన్ పాటను ఎంచుకున్నాను. దాని పేరు 'సాల్వే రెజీనా'. జపమాల చివర ఈ ప్రార్థనను తెలుగులో చెప్పేవారు మీలో కొందరైనా ఉంటారు.

ఇది సుమారు తొమ్మిది వందల ఏళ్ళ నాటిది. ఐరోపా మఠాలలో పడుకోబోయే ముందు చేసే రాత్రి ప్రార్థన చివర పాడేవారు. జర్మనీలోని రైకెనౌ మఠవాసి హెర్మన్ (1013–1054) దీన్ని రచించారని చాలాకాలం నమ్మారు. ఆయన నడవలేరు, మాట కూడా కష్టంగానే వచ్చేది. ఇది ఆయన రచనేనా అని ఇప్పటి పండితులకు సందేహమే. అయినా ఒక వికలాంగుడి పేరు ఈ పాటతో ముడిపడి ఉండడం నాకు ఇష్టం.

దీనికి తాళం లేదు. వాద్యం అక్కరలేదు. అందరూ ఒకే వరసను కలిసి పాడతారు. మాటల నడకే పాట నడక. వాక్యం ముగిసినచోట ఊపిరి తీసుకుంటారు. చర్చిలలో తరచు వినిపించే సులువైన బాణీ 17వ శతాబ్దానిది. నేను చెప్పేది అంతకు ముందుది. సంగీతం తెలిసినవారికి ఒక మాట: దాని స్వరాల వరుస మన ఖరహరప్రియకు దగ్గర, గమకాలు మాత్రం ఉండవు. ఎత్తుగడలో 'ప మ ప' అని కొంచెం ఊగి కింది 'స' మీదికి దిగుతుంది. రెండో వాక్యానికీ అదే వరస, ఊయలను ఇంకోసారి ఊపినట్టు. చివర మరియమాతను మూడుసార్లు 'ఓ' అని పిలుస్తారు. ఆ ఒక్క అక్షరమే ఎన్నో స్వరాల మీద సాగుతుంది.

డొమినికన్ సభలో ఒక సోదరుడు మరణశయ్య మీద ఉంటే, మిగిలినవారు చుట్టూ చేరి ఈ పాట పాడే ఆచారం ఉంది. మన దగ్గర ఆ ఘడియలో ఒకరు ఏడుస్తుంటారు, ఇంకొకరు గుమ్మం దగ్గర ఫోనులో ఖర్చుల సంగతి మాట్లాడుతుంటారు. స్పృహ లేనట్టు కనిపించినా రోగికి వినికిడి ఉండవచ్చు. మేము సూది వేసే ముందు కూడా పేరు పెట్టి పిలిచేది అందుకే.

2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఆరోగ్యవంతులైన 23 మంది లాటిన్‌లో జపమాల చెప్పినా, యోగ మంత్రం చదివినా, శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించింది. పాటతో రోగం తగ్గుతుందని దీని అర్థం కాదు. పక్కన కూర్చున్న మీ కంగారు తగ్గినా మంచిదే కదా.

మీకు లాటిన్ రానక్కరలేదు. అమ్మకు తెలిసిన కీర్తన గాని, జోలపాట గాని, మీ మతంలో చదువుకునేది ఏదైనా గాని సరే. తాళం వేయకుండా, నిదానంగా, పక్క మంచం వారికి వినబడనంత గొంతుతో పాడండి. రోగి ముఖం చిట్లించినా, చెయ్యి విదిలించినా ఆపేయండి. ఆయాసం గాని నొప్పి గాని ఎక్కువైతే పాట ముగిసేదాకా ఆగకుండా వెంటనే మమ్మల్ని పిలవండి. సెల్‌ఫోన్ స్పీకరు మాత్రం వద్దు. మీ గొంతు బాగుండదని వెనకాడకండి, వాళ్ళకు అలవాటైన గొంతు అదే.