టోపీ లేని ఆరో మనిషి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి ఇంతకు ముందు మాట్లాడిన మిత్రులు చెప్పవలసిందంతా చెప్పారు. నేను మళ్ళీ చెప్పినందువల్ల అదనంగా ఒక్క రూపాయి రాదు. కార్యదర్శిగారు కూడా "మీకు బొమ్మల పిచ్చి ఉంది కదా, దాని మీద పదిహేను నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నాకు కుంచె పట్టడం రాదు. ముప్పై ఆరేళ్ళు పట్టింది కలమే. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో బొమ్మల పుస్తకాలు ఏరుకుని కొనడం నాకున్న ఒకే ఒక్క దురలవాటు. మా ఇంటావిడ ఇక్కడే ఉన్నారు, కావాలంటే అడగండి.

ప్రసిద్ధ చిత్రాలు అనగానే అందరూ మోనాలిసా దగ్గరికి వెళతారు. వెళ్ళనివ్వండి. నేను మిమ్మల్ని ఒక ఆఫీసు గదికి తీసుకువెళతాను. ఆ గది హాలెండు దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోది. సంవత్సరం 1662. గీసినవాడు రెంబ్రాంట్. 1606లో పుట్టాడు, 1669లో పోయాడు. ఆ చిత్రం ఇప్పుడు ఆ నగరంలోనే రైక్స్ మ్యూజియంలో ఉంది. అడ్డంగా తొమ్మిది అడుగులు, నిలువు ఆరడుగుల పైచిలుకు.

ఒక బల్ల, దాని మీద ఎర్రని తివాచీ, ఒక పెద్ద పుస్తకం. బల్ల వెనుక నల్లని దుస్తుల్లో, తెల్లని కాలర్లతో, వెడల్పు అంచుల టోపీలతో ఐదుగురు పెద్దమనుషులు. వాళ్ళ పని ఏమిటయ్యా అంటే, ఆ ఊళ్ళో రంగు వేసిన ఉన్ని గుడ్డ నమూనాలకు సరిపోతున్నదీ లేనిదీ పరీక్షించి, నాణ్యతను బట్టి సీసపు ముద్ర వేయించడం. ఏడాది పదవి. మన భాషలో తనిఖీ అధికారులు. ఆ రోజుల్లో హాలెండువారికి గుడ్డ వ్యాపారం ప్రాణం. మన పెద్దలు వలందులని పిలిచినది వీళ్ళనే. అప్పటికి అర్ధ శతాబ్దం ముందు నుంచే మచిలీపట్నంలో కొలువు పెట్టుకుని మన నేతగాళ్ళ గుడ్డ కొని ఓడలకెక్కిస్తున్నారు. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు నేటికీ ఉన్నాయి.

ఇప్పుడు ఆ ఐదుగురినీ చూడండి. మధ్యలో ఉన్నాయన పుస్తకం దగ్గర అరచెయ్యి చాపి ఏదో చెబుతున్నాడు. ఎడమవైపు రెండో ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. అందరి కళ్ళూ మనవైపే. తలుపు తోసుకుని మనమే లోపలికి వచ్చినట్టు, "ఏమిటండీ పని?" అని వాళ్ళు అడగబోతున్నట్టు ఉంటుంది. ఎదుట సభ ఉందనీ, ఎవరో ప్రశ్న వేశారనీ కొందరు పండితులు రాశారు. అదంతా ఊహ, సభా లేదు గిభా లేదు అని మరికొందరు ఖండించారు. ఆ తగాదా మనకెందుకు గాని, తాలూకా ఆఫీసులో అర్జీ పట్టుకుని నిలబడ్డవాడికి బల్ల అవతలి ముఖాలు ఎలా కనిపిస్తాయో సరిగ్గా అలా ఉన్నాయి ఆ ముఖాలు. చిత్రాన్ని గోడ మీద ఎత్తున తగిలించడానికి గీశాడు కాబట్టి మనం కింది నుంచి పైకి చూస్తాము. బల్ల పైభాగం మనకు కనిపించదు.

ఈ ఐదుగురిలో ఇద్దరు కాథలిక్కులు. మిగిలిన ముగ్గురివీ ప్రొటెస్టెంట్లలో మూడు వేరు వేరు శాఖలు. కాథలిక్కులు బాహాటంగా చర్చి నడుపుకోవడానికి వీల్లేని కాలంలో, ఒకే బల్ల దగ్గర ఒకే పుస్తకం ముందు వాళ్ళను కూర్చోబెట్టింది ఉద్యోగం.

ఆరో మనిషి సంగతి చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను. ఐదుగురి వెనుక, దాదాపు మధ్యలో, ఒకతను నిలబడి ఉన్నాడు. అతనికి పెద్ద టోపీ లేదు, కుర్చీ లేదు. అతను ఆ ఆఫీసు బంట్రోతు. పేరు ఫ్రాన్స్ హెండ్రిక్స్ బెల్. అప్పటికి ముప్పైమూడేళ్ళు.

మనందరి ఇళ్ళల్లోనూ రిటైర్మెంటు రోజు తీసిన గ్రూపు ఫోటో ఒకటి ఉంటుంది. కింద "కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి" అని పేర్లు, ఆ కింద "నిలబడినవారు". నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాగే ఫోటో తీస్తుంటే, కుర్చీలన్నీ మోసుకొచ్చి వరసగా వేసిన అటెండరు ఆఖరి వరసలో చివర నిలబడబోయాడు. చొక్కా గుండీలు కూడా పెట్టుకున్నాడు పాపం. "నువ్వు కొంచెం పక్కకు తప్పుకోవయ్యా, ఫ్రేములో పట్టడం లేదు" అన్నాడు ఫోటోగ్రాఫరు. అతను తప్పుకున్నాడు. ఆ ఫోటో కింద అందరి పేర్లూ ఉన్నాయి.

రెంబ్రాంట్‌కు కూడా ఈ ఫ్రేములో పట్టే సమస్య వచ్చింది. ఎక్స్‌రే తీసి చూస్తే పై రంగు కింద పాత గీతలు బయటపడ్డాయి. బంట్రోతును ఒకచోట వేశాడు, నచ్చలేదు. చెరిపి మరోచోట వేశాడు. అలా కొన్నిసార్లు మార్చి చివరికి ఇప్పుడున్న చోట నిలబెట్టాడు. బంట్రోతు ముఖం కోసం అంత అవస్థ పడ్డాడు గాని తీసెయ్యలేదు. అతని ముఖం మీద పడిన వెలుగు అధికారుల ముఖాల మీద పడిన వెలుగే.

అలాంటి బృంద చిత్రాల్లో చోటుకు ధర ఉండేదని మరవకండి. ఇరవై ఏళ్ళ ముందు, 1642లో, ఇదే రెంబ్రాంట్ "నైట్ వాచ్" అనే మహా చిత్రం వేశాడు. అందులో ఉన్న పౌర సైనికులు తలకు సుమారు వంద గిల్డర్లు ఇచ్చుకున్నారు. నిలబడిన చోటును బట్టి కొందరు ఎక్కువ, కొందరు తక్కువ. అన్నట్టు అది రాత్రి దృశ్యం కాదు. వార్నిష్ నల్లబడి అలా కనిపించింది, ఆ పేరు నిలిచిపోయింది.

1662 నాటికి ఈ చిత్రకారుడి పరిస్థితి ఏమిటో మనవాళ్ళకు చెప్పాలి. 1639లో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. అప్పు తీర్చలేక 1656లో దివాలా తీశాడు. అధికారులు వచ్చి ఇంట్లోని వస్తువులన్నీ గది గదికీ తిరిగి జాబితా రాశారు. మొత్తం 363 పద్దులు. ఆ జాబితా రాసిన గుమాస్తాకు మనం దండం పెట్టాలి. ఇవాళ ఆ ఇల్లు మ్యూజియం. ఏ గదిలో ఏముండేదో ఆ జాబితా చూసే మళ్ళీ సర్దారు. గుమాస్తా రాత ఎందుకు పనికొస్తుందని అడిగే మనవలకు ఈ సంగతి చెప్పండి.

ఇల్లు 1658లో అమ్ముడుపోయింది. తరువాత కొడుకు టైటస్, సహచరి హెండ్రికె కలిసి 1660లో బొమ్మల వ్యాపార సంస్థ పెట్టి ఆయనను అందులో ఉద్యోగిగా చేర్చుకున్నారు. జీతానికి బదులు తిండి, వసతి. ఎందుకంటే ఆయన చేతికి డబ్బు వస్తే అప్పులవాళ్ళు పట్టుకుపోతారు! పురపాలక భవనం కోసం వేసిన పెద్ద చిత్రాన్ని తగిలించి, కొద్ది నెలల్లోనే దించి వెనక్కి పంపేశారు. ఆ బిల్లు పాసు కాలేదు. దాన్ని కోసి చిన్నది చేసి అమ్ముకోవలసి వచ్చింది. మిగిలిన ముక్క ఇప్పుడు స్టాక్‌హోమ్‌లో ఉంది.

ఆ దశలో ఉన్న మనిషికి ఐదుగురు అధికారులు పని ఇచ్చారు. పని ఇచ్చినవాళ్ళ ముఖాలు బాగా వేస్తే చాలు, డబ్బు వస్తుంది. వెనుక నిలబడ్డవాడి కోసం రంగు తుడిచి మళ్ళీ మళ్ళీ వేయడం నాకు ఈ చిత్రంలో అన్నిటికన్నా పెద్ద విషయం. కళా పండితులు వేరే కారణాలు చెబుతారు. బొమ్మ తూకం కుదరడానికని అంటారు. కావచ్చు. తూకం కుదరాలంటే బంట్రోతు అక్కడ ఉండి తీరాలన్నమాట!

ఆ తరువాత హెండ్రికె 1663లో పోయింది. కొడుకు 1668లో, ఇరవై ఏడు నిండకుండానే పోయాడు. మరుసటి ఏడు ముసలాయన పోయేముందు తన ముఖం తాను వేసుకున్నాడు. అరవైమూడేళ్ళ ముఖం, కళ్ళ కింద సంచులు, ముక్కు మీద ఎరుపు, ఏదీ దాచలేదు. అద్దె సమాధిలో పెట్టారు. దానికి గుర్తు రాయి కూడా లేదు.

మన అధికారుల చిత్రానికి మాత్రం బోలెడు పేరొచ్చింది. అమెరికాలో ఒక చుట్టల కంపెనీ తన పెట్టెల మీద కూడా అచ్చు వేసుకుంది. చూడాలనుకునేవాళ్ళు మనవల సెల్‌ఫోనులో రైక్స్ మ్యూజియం అని వెతికించండి. డబ్బు కట్టనక్కరలేదు. వేలితో పెద్దది చేసుకుంటూ పోతే తివాచీ మీది కుంచె గీతలు దాకా కనిపిస్తాయి. తొందరపడకండి. ముందు మధ్య ఆయన చెయ్యి, తరువాత లేస్తున్నాయన మోకాళ్ళ బరువు, అప్పుడు వెనుకకు వెళ్ళండి.

ఫోను తంటా వద్దనుకునేవారి కోసం రంగుల ప్రతి ఒకటి ఫ్రేము కట్టించి కార్యదర్శిగారికి ఇచ్చాను. భోజనాల హాల్లో కిటికీ పక్కన తగిలించారు. కింద ఆరు పేర్లూ తెలుగులో రాసి అంటించాను. కళ్ళజోళ్ళు తెచ్చుకోండి, అక్షరాలు కాస్త చిన్నవి. సెలవు.