మొదలు, మూలం, అసలు
(దుబాయి–షార్జా సరిహద్దులోని అల్ నహ్దాలో చేసిన స్మారకోపన్యాసం)



ఏ మాస్టారి పేర ఈ సభ పెట్టుకున్నామో ఆయన ఇక్కడి పిల్లలకు తెలుగు చెప్పినన్నాళ్ళూ ఒక పట్టు విడవలేదు. మాటకు అర్థం రాస్తే చాలదు, వాక్యం రాయాలి. 'ఆరిజిన్' అనే ఇంగ్లీషు మాట ఇస్తే పిల్లలందరూ 'మూలం' అని రాసి ఊరుకునేవారు. "గోదావరి మూలం ఎక్కడ అని మీ అమ్మమ్మ అంటుందా?" అని ఆయన అడిగేవారు. అనదు. గోదావరి ఎక్కడ పుట్టిందంటుంది. త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టింది.

ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టే చోట తెలుగు మనిషి ముందు పనిని చూస్తాడు. ఏ పని, ఎవరి పని అని చూసి మాట ఎంచుకుంటాడు. జ్యేష్ఠ పున్నమికి అరక కడితే అది ఏరువాక. కొట్టు తెరిచాక పొద్దున్నే పడిన మొదటి బేరం బోణీ. నాటకానికి నాంది, కథకు ఎత్తుగడ, ఇంటికి శంకుస్థాపన, బిడ్డ చదువుకు అక్షరాభ్యాసం. తీగకు పాదు, వరికి కుదురు, చెట్టుకు తల్లివేరు. వీటిని పర్యాయపదాలని ఒక వరసలో రాసి పిల్లలచేత వల్లె వేయించడం నాకు నచ్చదు. ఏరువాక అనాల్సిన చోట బోణీ అంటే రైతు నవ్వుతాడు, బోణీ అనాల్సిన చోట నాంది అంటే కొట్టువాడికి అర్థం కాదు.

పనిని బట్టి మారకుండా అన్ని చోట్లా తిరిగే మాటలు మూడున్నాయి: మొదలు, మూలం, అసలు. ఇవాళ నేను చెప్పదలచినది వీటి గురించే.

'మొదలు' మన ఇంటి మాట. తమిళంలో 'ముదల్', కన్నడంలో 'మొదలు' దీని తోబుట్టువులు. చెట్టు కాండం నేలను తాకే చోటు మొదలు, అందుకే మొదలంటా నరికారంటాం. పెట్టుబడి కూడా మొదలే. మొదటికే మోసం వచ్చిందని వ్యాపారి గుండెలు బాదుకునేది అందుకే. 'మూలం' సంస్కృతం. దానికి వేరు అనీ, పుట్టుక అనీ, పెట్టుబడి అనీ అర్థాలు. మూలధనం అంటున్నాం కదా. 'అసలు' అరబ్బీ. అక్కడ 'అస్ల్' అంటే వేరు, పుట్టుక. అప్పులో వడ్డీ కాని భాగం కూడా అస్లే. మూడు వేరు వేరు భాషా కుటుంబాలు, మూడింటిలోనూ చెట్టు వేరూ చేతిలోని సొమ్మూ ఒకే మాట కింద చేరాయి. దీన్ని గమనించిన రోజు నాకు నిద్రపట్టలేదు.

జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో అప్పు చేసి గల్ఫు విమానమెక్కిన మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటికి ఫోను చేస్తే మొదటి ప్రశ్న "వడ్డీ కట్టినవా?", చాలాకాలం తరువాత గానీ రాని ప్రశ్న "అసలు తీరిందా?" ఆ మాట ఏ నేల నుంచి వచ్చిందో అదే నేల మీద నిలబడి దాన్ని తీర్చుకుంటున్నాడు.

ఆ మాట మన దగ్గరికి ఓడ దిగి నేరుగా రాలేదు. ఫారసీ దఫ్తర్లలో, దక్కనీ సంతల్లో తిరిగి వచ్చింది. 1518 నుంచి 1687 దాకా గోల్కొండ ఏలిన కుతుబ్‌షాహీలు, తరువాత అసఫ్‌జాహీలు భూమి లెక్కలు రాయించిన తీరు వల్ల అరబ్బీ మాటలు ఊరూరా దిగాయి. జమ, బాకీ, వసూలు, రద్దు, హాజరు, నకలు అన్నీ అక్కడివే. మన మనసుకు అతి దగ్గరి మాట 'రైతు' కూడా అరబ్బీ 'రఇయ్యత్' నుంచే వచ్చింది. వ్యాకరణం వీటిని అన్యదేశ్యాలంది. పేరు అదే అయినా ఏ పొలం గట్టు మీదా వీటిని పరాయివిగా చూడలేదు.

అరబ్బీతో 'అసలు' పోలిక ఇంకా లోతుగా ఉంది. "అసలు రాలేదు" అంటాం. ఇక్కడి అరబ్బులు 'అస్లన్' అన్నప్పుడు చెవి పెట్టి వినండి. కాదనే వాక్యంలో అది అచ్చంగా మన 'అసలు' చేసే పనే చేస్తుంది. వేరు అనే నామవాచకం రెండు భాషల్లోనూ 'బొత్తిగా' అనే అర్థానికి వచ్చి చేరింది.

మనం కూర్చున్న పేట పేరు చూడండి. రోడ్డుకు ఇటు దుబాయి, అటు షార్జా. రెండు వైపులా అల్ నహ్దాయే. నహ్దా అంటే లేవడం, మేల్కోవడం. పందొమ్మిదో శతాబ్దపు అరబ్బు సాహిత్య పునరుజ్జీవనానికి ఇదే పేరు. ఆ ఉద్యమంలో బైరూతుకు చెందిన బుత్రుస్ అల్ బుస్తానీ 1870 నాటికి 'ముహీత్ అల్ ముహీత్' అనే నిఘంటువు అచ్చువేశాడు. అరబ్బీ నిఘంటువులో మాటను దాని ధాతువు కింద వెతకాలి. కితాబ్, కాతిబ్, మక్తబ్ అన్నీ క-త-బ కింద ఉంటాయి. ఇక్కడి బళ్ళో అరబ్బీ చదివే మన పిల్లలకు ఇది తెలుసు. వాళ్ళకు తెలుగు చెప్పేవాళ్ళం ఆ తెలివిని వాడుకోవడం లేదని నా బాధ.

అదే కాలంలో మద్రాసులో సి.పి. బ్రౌను 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు, 1854లో ప్రత్యేకంగా అన్యదేశ్యాల కోసం మిశ్రభాషా నిఘంటువు అచ్చువేయించాడు. కచేరీలో, అంగట్లో జనం వాడే మాటకు పుస్తకంలో చోటుండాలన్నది ఆయన నమ్మకం. శతాబ్దం దాటాక భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశానికి వ్యవసాయం మాటలు (1962), చేనేత మాటలు (1971) ఊళ్ళకు వెళ్ళి, పని చేసేవాళ్ళ నోట విని కూర్పించారు. పండితుణ్ణి అడగకుండా పనివాణ్ణి అడగడం ఆ కోశానికి బలం.

గల్ఫు తెలుగుకు అలాంటి కోశం కావాలి. అకామా (నివాస అనుమతి), కఫీలు (పూచీదారు), అర్బాబు (యజమాని) ఇప్పటికే మన మాటలు. 'ఖల్లివల్లి' చూడండి. అరబ్బీలో పోనీ, వదిలెయ్ అని అర్థం. మన కార్మికుల నోట అది యజమానిని వదిలి, కాగితాలు లేకుండా ఉన్న మనిషి స్థితికి పేరైంది. "మావోడు ఖల్లివల్లి అయిండు" అన్న వాక్యంలో ఎంత భయముందో ఏ ఇంగ్లీషు పర్యాయపదమూ చెప్పలేదు. రేపటి నిఘంటుకారుడు ఈ మాట మొదలెక్కడని వెతికితే అతనికి దొరకాల్సింది ఆ వాక్యం.

కాబట్టి మాస్టారి శిష్యులకు నా విన్నపం ఇది. మాట, చెప్పినవాళ్ళ జిల్లా, చేసే పని, వాళ్ళన్న వాక్యం యథాతథంగా, ఈ నాలుగూ రాయండి. పేర్లు వద్దు, కాగితాలు లేనివాళ్ళకు కీడు జరగకూడదు. కార్మికులుండే సోనాపూర్ ఇక్కడికి దగ్గరే. సెలవు రోజు సాయంత్రం కార్మికుల గదుల్లో వంట మొదలయ్యే వేళకు వెళ్ళండి, అప్పుడే మాటలు బాగా సాగుతాయి.