రసాయనక్రియల ఫలమును ఊహించుట



మీ యిండ్లలో మనుమడో, మనుమరాలో వైద్యవిద్యాప్రవేశమునకై నీట్ అను పరీక్షకు చదువుచుండవచ్చును. "ఇది దీనితో కలిసిన నది వచ్చును" అని తెల్లవారుజామున వల్లెవేయు ధ్వని మీ చెవిని బడియే యుండును. ఆ వల్లెవేతను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

2025వ సంవత్సరమున జరిగిన యా పరీక్షలో ప్రశ్నలు 180. అందు రసాయనశాస్త్రమునకు 45. సరియైన జవాబునకు 4 మార్కులు, తప్పునకు 1 మార్కు కోత. రెండు పదార్థములను పేర్కొని, వాని కలయికచే బుట్టున దేది యని యడుగుట అందు పరిపాటి. క్రింద నిచ్చెడి నాలుగు జవాబులును ఒక తల్లి బిడ్డలవలె నుండును. సగము మరచిన పాఠ మచ్చట అక్కరకు రాదు. ఒక యేడు తప్పినచో మరల చదివించుటకు ఎకరము పొలము కుదువబెట్టిన తండ్రులను నేనెరుగుదును.

వ్యాకరణము చదివినవారికి ఈ చిక్కు క్రొత్తది గాదు. రాముడు, అతడు అను పదములు కలిసి "రాముడతడు" అగుటకు హేతువైన సూత్రము నెరిగినవాడు తానెన్నడు వినని పదములనుగూడ కలుపగలడు. కలిసిన రూపములను మాత్రమే కంఠస్థము చేసినవాడు క్రొత్తపదము కనబడగానే నిలిచిపోవును. రసాయన సమీకరణములు నట్టివే. వానికిని ఉత్సర్గములు కలవు, అపవాదములు కలవు.

మైలుతుత్తము మీకు తెలియనిది గాదు. తోటలకు బోర్డో మిశ్రమము చేయునపుడు దానిని ఇనుపపాత్రలో కలుపరాదని చెప్పుదురు. కలిపిన పిమ్మట తళతళలాడు ఇనుపకత్తిని ముంచి చూతురు. కత్తికి ఎఱ్ఱని పూత పట్టెనేని సున్నము చాలలేదని గ్రహించి మరికొంత చేర్చుదురు. ఆ పూత రాగియే. ఇనుము రాగికంటె చురుకైన లోహము గనుక, మైలుతుత్తములోని రాగిని వెడలగొట్టి తానా నీటిలో జేరినది. అన్నభేది ఇనుపలవణము, దానిని కరగించిన నీటిలో రాగిచెంబు ముంచిన నేమగును? ఏమియు గాదు. బలహీనుడు బలవంతుని వెడలగొట్టలేడు గదా! జింకు, ఇనుము, సీసము, హైడ్రోజను, రాగి, వెండి, బంగారము - ఈ వరుస యొక్కటి యెరిగిన విద్యార్థి అనేక సమీకరణములను తానే వ్రాసికొనగలడు. నీరు కలిపిన హైడ్రోక్లోరికామ్లమును జింకుపై బోసిన హైడ్రోజను వెలువడును. రాగిపై బోసిన వెలువడదు.

ఇక అపవాదము. ఆ రాగియే నత్రికామ్లములో కరగును. కాని వెలువడునది హైడ్రోజను గాదు. నీరు కలిపిన యామ్లమైనచో నైట్రిక్ ఆక్సైడు, గాఢమైనచో గోధుమవన్నె నైట్రోజన్ డయాక్సైడు. పదార్థములు మారలేదు, నీటిపాలు మారినంతనే ఫలము మారినది. ప్రశ్నలు కూర్చువారు మాటువేయున దీచోటనే.

కర్బనరసాయనమున నిది మరింత స్పష్టము. ప్రొపీను అను పదార్థమునకు హైడ్రోజన్ బ్రోమైడు చేర్చినచో, జంటబంధముగల రెండు కర్బనములలో దేనికి హైడ్రోజను లెక్కువగా నున్నవో దానికే క్రొత్త హైడ్రోజను చేరునని రష్యాదేశపు మార్కోవ్నికోవ్ 1869లో నియమము చెప్పెను. అది ఉత్సర్గము. పెరాక్సైడు కొంచెమున్నను ఫలము తలక్రిందగునని అమెరికాలో ఖరాష్, మేయో అనువారు 1933లో ప్రకటించిరి. అది అపవాదము. హైడ్రోజన్ క్లోరైడునకు ఆ యపవాదము వర్తింపదు. అచ్చట మొదటి నియమమే నిలుచును. పాణినీయము చదివినవాడు దీనిని విని నవ్వుకొనును, తన యింటి భాషయే గనుక. "పెరాక్సైడు సమక్షమున" అను రెండు మాటలను చూడక దాటిపోయినవాడు నాలుగు మార్కులు పోగొట్టుకొనుటయేగాక ఒకటి ఎదురు చెల్లించును.

కంఠస్థము వలదని నేననను. సూత్రమును, లోహముల వరుసను కంఠస్థము చేయకున్న పని జరుగదు. వందలకొలది సమీకరణములను హేతువు చెప్పక కాగితములపై నచ్చొత్తి పంచిపెట్టుటయే నాకు సమ్మతము గాదు.

మీకు రసాయనము తెలియనక్కరలేదు. పిల్లవాని పుస్తకములో సమీకరణమునకు కుడిప్రక్కను అరచేతితో మూసి, "ఏమి వచ్చును? ఏల వచ్చును? ఎప్పుడు రాదు?" అని యడుగుడు. తాంబూలపు సున్నముతోనే యారంభింపవచ్చును. సున్నపుతేటలోనికి బొగ్గుపులుసుగాలి పంపిన నేమగునని యడిగినచో, పాలవలె తెల్లనగునని వెంటనే చెప్పును. ఇంకను పంపిన నేమగునని యడుగుడు. తెలుపు విరిగి తేటపడవలెను. ఏలయన నీట కరగు వేరొక లవణము పుట్టును. ఆ తేటను కాచిన మరల తెల్లని మడ్డి దిగును. మీ నీళ్లకాగు లోపల ఏండ్ల తరబడి పట్టిన తెల్లని పక్కులో హెచ్చుపాలు అదియే. పిల్లవానికి దానిని గోకి చూపుడు.