తంగేడు ఏది? కసింద ఏది?



పెత్రమాస వస్తున్నదంటే పటాన్‌చెరు, సంగారెడ్డి బజార్లలో తంగేడు కట్టలు, గునుగు కట్టలు దిగుతాయి. బేరమాడి తెచ్చుకుంటాం, తాంబాళంలో గుమ్మడాకు పరచి బతుకమ్మను పేర్చుకుంటాం. కొన్న కట్టయితే పువ్వును గుర్తుపట్టే పని అమ్మినామెది. చిక్కల్లా, పిల్లల్ని వెంటబెట్టుకొని కాలనీ వెనక బీడులోకి మనమే వెళ్లినప్పుడు వస్తుంది. పసుపుపచ్చగా పూసిందల్లా తంగేడే అనుకుంటాం.

ఆ బీడులోనే తంగేడుకు చుట్టాలు ఇద్దరున్నారు: కసింద, తగిరిస. వానలు వెనకబట్టే వేళకు మూడూ పసుపు పూలే పూస్తాయి. అందుకని పువ్వును తర్వాత చూద్దాం, ముందు ఆకుకాడ మొదట్లో చూడండి. తంగేడుకైతే అక్కడ చిన్న చెవిలాంటి గుండ్రటి రేకు రెమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన ‘ఆరిక్యులేటా’ అనే పేరుకు అర్థం కూడా చెవులున్నదనే! ఈనెకు రెండు పక్కలా ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్న ఆకులుంటాయి. కాయ పలచగా, కాగితం ముక్కలా ఉంటుంది.

కసిందకు ఆ చెవి కనబడదు. ఆకులు నాలుగు నుంచి ఆరు జతలే, కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే చెడ్డ వాసన. తగిరిసకు సాధారణంగా మూడే జతలు, కొస వెడల్పు. కాయ సన్నగా, పొడుగ్గా, కొడవలిలా వంగుతుంది. దాని లేత చిగురు కూర వండుకుంటారు గనుక మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇంత సూక్ష్మం మనకెందుకమ్మా అంటారేమో. ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాలలో ఏళ్ల తరబడి చలికాలం ముందు చిన్నపిల్లలు ఉన్నట్టుండి స్పృహ తప్పి చనిపోయేవారు. అందరూ మెదడువాపు అనుకున్నారు. 2007లో అక్కడి వైద్యులు పరిశోధించి, ఆ పిల్లలు ఆటల్లో తిన్న కసింద గింజలతో దానికి సంబంధం ఉందని తేల్చారు. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును దెబ్బతీస్తుందట. కసింద గింజలు వేయించి కాఫీలా తాగేవాళ్లున్నారని వింటాం. ఆ ప్రయోగాలు మన వంటింట్లో వద్దు. పిల్లలు కాయలు కోసి బొమ్మల పెళ్లికి పప్పు వండుతుంటే మాత్రం, అవి ఏ కాయలో ఒకసారి చూడండి.

తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచుకొనేవారికి ఒక మాట. షుగరు మాత్రలు మానేసి దీన్ని నమ్ముకోకండి. ఫ్యాక్టరీల మురుగు పారిన వాగు ఒడ్డున కోసిన పువ్వు అసలే వద్దు. పటాన్‌చెరు వైపు కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టు దాకా వ్యాజ్యం వెళ్లింది కదా!

ఇక పువ్వు దగ్గరికి వద్దాం. తంగేడు పువ్వులో తేనె ఉండదు. ఉన్నది పుప్పొడే, అదీ కేసరాల కొనల్లో చిన్న రంధ్రాల వెనక దాగి ఉంటుంది. పెద్ద నల్ల తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకొని జుమ్మని ఒళ్లు అదిరిస్తుంది. ఆ అదురుకే పుప్పొడి రాలుతుంది. పొద్దున్నే పొద దగ్గర నిలబడితే ఆ మోత మీకే వినబడుతుంది. ఒకప్పుడు తోళ్లు ఊనడానికి దీని బెరడు కోసం నరికిన పొద ఇది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమయింది.

గునుగు జొన్నచేలో కలుపు మొక్క, తోటకూర కులానిదే. మన పెరటి కోడిజుట్టు పువ్వు దీని పెంపుడు రూపమే. కంకి కింద వెండిలా తెల్లబడి, కొసన గులాబీ రంగు మిగులుతుంది. దాన్ని రంగునీళ్లలో ముంచి ఆకుపచ్చగా, నీలంగా చేయడం నాకైతే నచ్చదు.

ప్లాట్లు పడి బీడులు తరిగిపోతున్నాయి. కాబట్టి పొదను మొదలంటా విరవకుండా పూలరెమ్మలే తుంచండి, కొన్ని కాయకు వదిలేయండి. కాయలు ఎండాక గింజలు తెచ్చుకొని, పెంకు గట్టిది గనుక గరుకు రాతి మీద కాస్త రుద్ది, రాత్రంతా నానబెట్టి, ఎండ తగిలే ప్రహరీ పక్కన నాటండి. తెచ్చే ముందు ఆకుకాడ దగ్గర ఆ చెవి ఉందో లేదో చూసుకోండి.