ఆరె, ఫోను రెండూ మన చేతిలోనే ఉండాలి

(డిసెంబర్ 6, బాబాసాహెబ్ అంబేడ్కర్ పరినిర్వాణ దినం సందర్భంగా పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు చిన్న వ్యాపారులు జరుపుకున్న సమావేశంలో ఒక చెప్పుల దుకాణం యజమానురాలు చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమంటే ముందు నేను రానన్నాను. ఉపన్యాసం నాకు చేతకాదు, లెక్క చెప్పమంటే చెబుతాను అన్నాను. లెక్కే చెప్పు, అదే మాకు కావాలి అన్నారు. అందుకని ఇవాళ నా దుకాణం లెక్క చెబుతాను. ఎక్కడ నిలబడ్డానో, ఎక్కడ బోల్తా పడ్డానో రెండూ చెబుతాను. 2020లో బేరాలు ఆగిపోయినప్పటి నుంచి మనందరినీ ఒకే ప్రశ్న తినేస్తోంది. దుకాణం ఉంచుకోవాలా, ఆన్‌లైన్‌లోకి పోవాలా? నా అనుభవంలో ఈ ప్రశ్నే తప్పు. ఎందుకో చెబుతాను.

మా నాన్న 1980ల్లో శ్రీకాకుళం జిల్లా నుంచి విశాఖపట్నం వచ్చి ఓడెక్కాడు. చేతిలో ఒక సంచి. అందులో ఆరె, రంపె, దారం, మైనం. జంగ్లీఘాట్‌లో రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టాడు. ఈ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, మా నాన్నకు అది చివరిదాకా పోర్ట్ బ్లెయిరే. ఆ గొడుగు కింద నుంచే పదడుగుల వెడల్పు దుకాణం లేచింది. నాన్న పోయాక దుకాణం నా చేతికొచ్చింది. నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? కుట్టే పని మానేశాను. ఆరెను పాత డబ్బాలో పెట్టి అటక మీదకి ఎక్కించాను. అద్దాల అరలు పెట్టాను, ట్యూబులైట్లు పెట్టాను. రెడీమేడ్ చెప్పులు మాత్రమే అమ్ముతాను అన్నాను. దీదీ, తెగిన పట్టీ కుడతారా అని ఎవరైనా అడిగితే, లేదని ముఖం తిప్పుకునేదాన్ని. అది వ్యాపారం కాదు, సిగ్గు. ఆ సిగ్గు మీద మళ్లీ మాట్లాడతాను.

ముందు పెట్టుబడి సంగతి. మన పెద్దలు ఒక మాట అనేవారు, నల్లనీళ్లు దాటితే కులం పోతుందని. కొంత నిజమే. 1858 నుంచి ఖైదీల దీవిగా ఉన్న చోట, రకరకాల కులాలవాళ్లు కలిసి బతికిన చోట, ఊళ్లోలాగా వేరే వాడ, వేరే బావి లేవు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. నువ్వెవరివి అని అడిగితే తెలుగువాణ్ణి అంటే చాలు. కానీ పెళ్లి సంబంధం మాట వచ్చినప్పుడు, సంఘంలో పెద్దరికం మాట వచ్చినప్పుడు, ఏ ఊరు, ఎవరి తాలూకా అన్న ప్రశ్న మళ్లీ వస్తుంది. అది మీకూ తెలుసు.

కాగితం మీద మాత్రం మనం లేం. రాజ్యాంగం 341వ అధికరణం కింద షెడ్యూల్డ్ కులాల జాబితాను ఏ రాష్ట్రానికి, ఏ కేంద్రపాలిత ప్రాంతానికి ఆ ప్రాంతానికే ప్రకటిస్తారు. అండమాన్ నికోబార్‌కు ఒక్క కులాన్నీ ప్రకటించలేదు. అందుకే జనాభా లెక్కల్లో ఇక్కడ ఎస్సీల సంఖ్య సున్నా. ఒక రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ అయినవాళ్లు మరో రాష్ట్రానికి వలస పోతే అక్కడ ఆ హోదా అడగలేరని సుప్రీంకోర్టు 1990లోనే మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. 2018లో బీర్ సింగ్ కేసులో ఇంకోసారి చెప్పింది. నేను శ్రీకాకుళం నుంచి నాన్న సర్టిఫికెట్ తెప్పించుకుని ఒక బ్యాంకుకు వెళ్లాను. అక్కడి అధికారి దాన్ని తిప్పి తిప్పి చూసి, ఇక్కడ ఎస్సీలు లేరమ్మా అన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషితో నువ్వు లేవు అన్నాడు! ఆయన అన్నది ఆ అప్పు పథకానికి వర్తిస్తుందో లేదో అడిగే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. సర్టిఫికెట్ మడిచి తెచ్చుకున్నాను. మన కులం జాబితాలోంచి పోయింది గానీ, తాత ఆస్తి లేనితనం, హామీ ఉండే మనిషి లేనితనం మనతోపాటే ఓడ దిగాయి.

అలా చేతి డబ్బుతో, చీటీ డబ్బుతో నడిచే దుకాణం మీద 2020 మార్చి వచ్చి పడింది. అంతకుముందు ఏటా సుమారు 5 లక్షల మంది టూరిస్టులు వచ్చే దీవులు ఇవి. బీచికి రబ్బరు చెప్పులు కొనేది వాళ్లు, వాళ్ల మీద బతికే హోటలు కుర్రాళ్లు, పడవ కుర్రాళ్లు, ఆటోవాళ్లు. అందరూ ఒకేసారి ఆగిపోయారు. ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశ ఆర్థిక వ్యవస్థ 23.9 శాతం కుంగిందని ప్రభుత్వమే ప్రకటించింది. నా దుకాణానికి శాతాలు అక్కర్లేదు. తాళం వేసి ఉంది, అద్దె నడుస్తోంది, వానాకాలం మొదలైంది, అరల్లో తోలు చెప్పులకు బూజు పట్టింది. అంతే లెక్క.

అదే ఏడాది ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్లు. దానికి ముందు శాటిలైట్ మీద ఒక్క ఫోటో ఎక్కాలంటే టీ తాగి రావాల్సి వచ్చేది. నెట్ పరుగెత్తేసరికి మా అమ్మాయి, అమ్మా, ఇక దేశమంతా మన దుకాణమే అంది. నేనూ నమ్మాను. జీఎస్టీ నంబరు తీసుకుని ఒక పెద్ద యాప్‌లో సరుకు పెట్టాను.

ఇక్కడే బోల్తా పడ్డాను. నా సరుకు చెన్నై పెరియమేట్ హోల్‌సేల్ బజారు నుంచి వస్తుంది. ఓడలో మూడు రోజుల ప్రయాణం, దానికి ముందు చోటు దొరకడానికి ఎన్ని రోజులో చెప్పలేం. చెన్నైలో కొని, సముద్రం దాటించి, మళ్లీ అదే సముద్రం దాటించి చెన్నై కొనుగోలుదారుకే అమ్మాలని చూశాను. 350 రూపాయల జత. కమీషను పోయింది, కొరియరు పోయింది. సైజు సరిపోలేదని జత తిరిగి వచ్చింది, ఆ ఖర్చూ నాదే. తిరిగొచ్చేసరికి పెట్టె నలిగిపోయింది. పైగా ఒక రోజు ఆన్‌లైన్‌లో అమ్ముడైన జతనే దుకాణంలో ఇంకొకరికి ఇచ్చేశాను. ఒకే జత ఇద్దరికి అమ్మిన దాన్నయ్యాను. ఆర్డరు రద్దు చేస్తే రేటింగ్ పడిపోయింది. నాలుగు నెలల తర్వాత లెక్క చూస్తే, అమ్మకం పెరిగింది, చేతిలో డబ్బు తగ్గింది. అమ్మకం వేరు, మిగులు వేరు. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నేను చాలా ఫీజు కట్టాను.

ఇంకో వైపు, కేబుల్ నన్ను దేశానికి చూపించడం కంటే, దేశంలోని పెద్ద గోడౌన్లను నా వీధికి తెచ్చింది. కుర్రాళ్లు నా దుకాణంలో కాలు పెట్టి సైజు చూసుకుని, బయటికెళ్లి ఫోన్లో ఆర్డరు పెట్టేవాళ్లు. నాకు కోపం వచ్చేది. కానీ వాళ్ల జీతాలూ సగమయ్యాయి. పది రూపాయలు తక్కువ ఎక్కడుంటే అక్కడికి పోతారు. తప్పు వాళ్లది కాదు.

అప్పుడు ఒక రోజు ఫోన్లో కొన్న బూటు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. అట్ట ఊడిపోయింది. దీదీ, కొత్తది కొనలేను, ఏదైనా చెయ్యండి అన్నాడు. అటక మీద నుంచి డబ్బా దింపాను. ఆరె తుప్పు పట్టి ఉంది. సానబట్టి కుట్టాను. చేతులు మర్చిపోలేదు. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని చూసిన కుట్టే. ఆ వారంలో పదకొండు మంది వచ్చారు. మాంద్యంలో మనుషులు కొనడం మానేస్తారు, నడవడం మానెయ్యరు కదా. ఏ యాప్ కూడా ఊడిన అట్టను కుట్టలేదు.

మీలో కొందరు అడుగుతారు. బాబాసాహెబ్ కులవృత్తి వదలమన్నాడు, నువ్వు మళ్లీ ఆరె పట్టుకున్నావేమిటని. నేనూ రాత్రిళ్లు ఈ ప్రశ్నతో కొట్టుకున్నాను. నాకు తట్టింది చెబుతాను. మా నాన్న ఆరె పట్టింది వేరే దారి లేక. చేతిలో పెట్టినంత పుచ్చుకున్నాడు. నేను రేట్ల బోర్డు పెట్టాను. అట్ట అతికిస్తే ఇంత, చుట్టూ కుడితే ఇంత, రసీదు ఉంటుంది. కుట్టు మిషను కొన్నాను. మా అమ్మాయి బీకాం చదువుతోంది, తను ఈ పని నేర్చుకుంటే నేర్చుకుంటుంది, లేకపోతే లేదు. పనిలో నీచం లేదు. పుట్టుక చూసి పనిని అంటగట్టడంలో ఉంది నీచం, పనికి తగ్గ కూలి ఎగ్గొట్టడంలో ఉంది. ఆ రెండూ తీసేస్తే మిగిలేది నైపుణ్యం. దాన్ని సిగ్గుతో అటకెక్కించి నేను సొంత పెట్టుబడినే పారేసుకున్నాను.

ఆ తర్వాత ఫోనును వేరే రకంగా వాడటం మొదలుపెట్టాను. దేశమంతా వద్దు, మన దీవులు చాలు. హట్‌బే, రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్‌లలో మనవాళ్లున్నారు. అక్కడ సైజులు దొరకవు. వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాను. సైజు ఎలా? నాన్న కాగితం మీద పాదం పెట్టించి పెన్సిలుతో గీత గీసేవాడు. అదే చెప్పాను. కాగితం మీద పాదం గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోటో పంపండి అన్నాను. తిరిగొచ్చే జతలు దాదాపు ఆగిపోయాయి. సగం డబ్బు ముందు ఫోన్‌పే, సగం అందాక. డిగ్లీపూర్ పార్సెల్ తెల్లవారకముందే బస్సెక్కాలి. జిర్కాటాంగ్ దగ్గర కాన్వాయ్ అందుకోవాలి, మిడిల్ స్ట్రైట్ దగ్గర పంటు దాటాలి. హట్‌బేకైతే ఓడ. సముద్రం బాగులేకపోతే ఆలస్యమవుతుందని ముందే చెబుతాను. ఒకటే రిజిస్టరు. జత ఎక్కడ అమ్ముడైనా ముందు అందులో కొట్టేశాకే డబ్బు తీసుకోవడం.

పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. 2023 అక్టోబర్ 1 నుంచి, జీఎస్టీ నంబరు లేని చిన్న వ్యాపారి కూడా తన రాష్ట్రం లేదా కేంద్రపాలిత ప్రాంతం లోపల యాప్ ద్వారా సరుకు అమ్మవచ్చు. బయటికి అమ్మాలంటే మాత్రం నంబరు ఉండాల్సిందే. వెయ్యి రూపాయల లోపు చెప్పుల మీద 2022 జనవరి 1న పన్ను 5 నుంచి 12 శాతానికి పెంచారు, అదీ మనం కోలుకోక ముందే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 రూపాయల వరకు మళ్లీ 5 శాతం చేశారు. పాత బిల్లుతో పాత రేటు వేసి మోసపోకండి.

ఇక పేరు సంగతి. వాట్సాప్‌లో దుకాణం బొమ్మ పెట్టమంటే మా అమ్మాయి బాబాసాహెబ్ ఫోటో పెడతానంది. నేను జంకాను. చెప్పుల దుకాణం, పైన ఆ ఫోటో. అందరికీ తెలిసిపోతుంది, బేరం పోతుందేమో అన్నాను. ఆ పిల్ల అప్పుడు నాకొక సంగతి గుర్తు చేసింది. అమెరికాలో, లండన్‌లో ఆర్థికశాస్త్రం చదివి 1917లో తిరిగొచ్చిన అంబేడ్కర్, బతుకుతెరువు కోసం బొంబాయిలో షేర్ల సలహా వ్యాపారం పెట్టాడు. ఆయన అంటరానివాడని తెలిశాక ఖాతాదారులు రావడం మానేశారు. ఆ వ్యాపారం మూతపడింది. తర్వాత రూపాయి మీద పుస్తకం రాసిన మనిషికి రూపాయి సంపాదించుకోనివ్వలేదు. ఆయన దాచి ఉంటే నడిచేదేమో. దాచుకుని బతకడం కోసమేనా ఆయన బతుకంతా పోరాడింది?

ఫోటో పెట్టాం. కొందరు పోయారేమో తెలియదు, ఎవరూ చెప్పి పోరు కదా. వచ్చినవాళ్లు మాత్రం ఉన్నారు. హట్‌బే నుంచి ఒక అక్క, ఫోటో చూసే నీ దగ్గర కొంటున్నాను చెల్లీ అంది. తెరకు కులం తెలియదని అంటారు. తెరకు తెలియకపోవచ్చు, మనుషులకు తెలుసు. తెర అడిగేది పెట్టుబడి ఎంత, గోడౌను ఎంత, నష్టం ఎంత కాలం ఓర్చుకుంటావని. ఆ ప్రశ్నకు మనలో ఒక్కొక్కరం విడిగా జవాబు చెప్పలేం.

అందుకే మూడు పనులు అడుగుతున్నాను. ఒకటి, ఇక్కడున్న చెప్పులు, బట్టలు, ప్లాస్టిక్ సామాన్ల దుకాణాలవాళ్లం చెన్నై నుంచి కలిసి సరుకు తెప్పిద్దాం. విడివిడిగా పది మూటలకు కట్టే కిరాయి కంటే కలిసి వేస్తే తగ్గుతుంది, హోల్‌సేలు దగ్గర మాటకు బలం ఉంటుంది. రెండు, ఉత్తరం వైపు, హట్‌బే వైపు వారానికి ఒకటే ఉమ్మడి పార్సెల్ పంపుదాం. మూడు, ఏ ఆఫీసులోనైనా మీరు ఇక్కడ ఎస్సీలు కాదు, ఈ అప్పు రాదు అంటే, నాలాగా కాగితం మడిచి తెచ్చుకోకండి. అదే మాట రాసివ్వమని అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. పది రాతపూర్వక జవాబులు చేతిలో ఉంటే అప్పుడు ఈ దీవుల్లో మన సంఖ్య సున్నా కాదని పార్లమెంటు సభ్యుణ్ణీ అడగవచ్చు, కేంద్రాన్నీ అడగవచ్చు.

దుకాణమా, ఆన్‌లైనా అన్న ప్రశ్న తప్పన్నాను కదా. దుకాణం మన నమ్మకం, ఫోను ఆ నమ్మకం పోయి చేరే దూరం. రెంటినీ నిలబెట్టేది సంఘం. సంఘటితం కమ్మని బాబాసాహెబ్ అన్నది సభలకు మాత్రమే కాదు, సరుకు మూటలకు కూడా.

మీటింగు అయ్యాక టీ తాగి వెళ్లిపోకండి. గుమ్మం దగ్గర మా అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఉమ్మడి సరుకుకు ఒప్పుకునేవాళ్లు పేరు, దుకాణం, నెలకు ఎన్ని మూటలో రాయండి. వచ్చే ఓడకే మొదలుపెడదాం.

జై భీమ్.