పొట్లం మీది రంగు

బొబ్బిలిలో సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడితే, మూకుడులోంచి తీసిన వేడి బజ్జీ చాలాసార్లు పాత పేపరు ముక్కలోకే చేరుతుంది. నూనెకు కాగితం తడుస్తుంది. సిరాలోని రంగులు, ఖనిజ తైలాలు బజ్జీకి అంటుకుంటాయి.

ఇలా కట్టి ఇవ్వడాన్ని 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి. సిరాలో సీసం వంటి భారలోహాలు ఉండవచ్చని, ఈ అలవాటు వెంటనే మానాలని 2023 సెప్టెంబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ మళ్లీ హెచ్చరించింది.

మరి రంగురంగుల ప్లాస్టిక్ ప్యాకెట్లు? అచ్చు బయటివైపే ఉంటుంది, నిజమే. కానీ అచ్చయిన ప్లాస్టిక్‌ను చుట్టగా చుట్టినప్పుడు బయటి సిరా లోపలి పొరకు ఆనుతుంది. ఆ పొరే తర్వాత తిండికి తగులుతుంది. ఇలాగే 2005లో ఇటలీలో పసిపిల్లల పాలలో ఐటీఎక్స్ అనే రసాయనం కనిపించింది. పాల అట్టపెట్టెల మీది సిరాను అతినీలలోహిత కాంతితో ఆరబెట్టేందుకు వాడినది అది. పాలను పెద్దఎత్తున మార్కెట్ నుంచి తీసేశారు.

వేడి, నూనె, పులుపు, ఎక్కువ రోజుల నిల్వ రసాయనాలు ఇలా తిండిలోకి దిగడాన్ని పెంచుతాయి. మన నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి కిలో ఆహారంలోకి మొత్తం 60 మిల్లీగ్రాములకు మించి పదార్థాలు దిగకూడదు. రంగు కంటికి కనిపించేలా అసలే దిగకూడదు.

వేడి సాంబారును కవర్లో కాకుండా స్టీలు క్యారేజీలో పోయించుకోవచ్చు. ఆవకాయకు గాజు సీసా, జాడీ ఉన్నాయి. బజ్జీలకైతే పార్వతీపురం మన్యం నుంచి వచ్చే అడ్డాకులు చాలు. బండి దగ్గర అడిగి మరీ ఆకులో పెట్టించుకోండి.